ఏపీఐ ఫ్రెష్‌వాటర్ మాస్టర్ టెస్ట్ కిట్: చేపల కంటే ముందు ఇంటికి రావాల్సిన పెట్టె

కొత్తగా అక్వేరియం కొనేవాళ్లకు షాపులో కట్టి ఇచ్చే సరంజామా ఎక్కడైనా దాదాపు ఒకటే. గాజు ట్యాంకు, రంగు రాళ్లు, ఎయిర్ పంపు, ప్లాస్టిక్ మొక్క, నీలం మందు సీసా ఒకటి, పసుపు మందు సీసా ఒకటి, మేత డబ్బా, చివర్లో కవర్లో చేపలు. అన్నీ ఒకే రోజు, ఒకే బిల్లు. నీళ్లు కొలిచే కిట్ మాత్రం ఆ బిల్లులో ఉండదు. వారం పది రోజులకు చేపలు ఒక్కొక్కటే తేలుతుంటే "నీళ్లు పడలేదు" అనుకుని, మళ్లీ అదే షాపుకి వెళ్లి మళ్లీ చేపలు తెచ్చుకోవడం మామూలే. నీళ్లలో పడనిది ఏమిటో అంకెల్లో చెప్పే వస్తువు ఈ ఏపీఐ కంపెనీ కిట్.

కొనొచ్చా అంటే, ట్యాంకులో చేపలు వేయకముందు నెలా నెలన్నర ఖాళీగా నడిపి సైకిల్, అంటే నీళ్లలోని విషాన్ని విరిచే బ్యాక్టీరియాని పెంచే పని, పూర్తి చేసే ఓపిక ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. ఇప్పటికే చేపలు హాయిగా ఈదుతున్న పాత ట్యాంకుకి, అప్పుడప్పుడు ఒకసారి చూసుకోవడానికి మాత్రమే అయితే మొత్తం పెట్టె దండగ. అమ్మోనియా టెస్ట్ విడిగా దొరుకుతుంది, అది చాలు. రెండడుగుల మామూలు గాజు ట్యాంకు ధర కంటే ఈ కిట్ ధరే ఎక్కువ కాబట్టి ఈ తేడా ముందే తేల్చుకోవాలి.

పెట్టెలో ఏడు సీసాలు, నాలుగు గాజు ట్యూబులు, వాటి మూతలు, రంగుల కార్డు, చిన్న కాగితం ఉంటాయి. మామూలు పీహెచ్‌కి (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఒక సీసా, ఎక్కువ పీహెచ్‌కి ఒకటి, అమ్మోనియాకి రెండు, నైట్రైట్‌కి ఒకటి, నైట్రేట్‌కి రెండు. 800కు పైగా పరీక్షలు చేయొచ్చని కంపెనీ చెబుతుంది. అబద్ధం కాదు కానీ ఆ లెక్క విప్పి చూడాలి. మామూలు పీహెచ్ 250, ఎక్కువ పీహెచ్ 160, నైట్రైట్ 180, అమ్మోనియా 130, నైట్రేట్ 90. అన్నీ కలిపితే 810. అంటే సగం పరీక్షలు పీహెచ్‌వే, అది కూడా మన నీళ్లకు పెద్దగా పనికిరాని మామూలు పీహెచ్‌వే ఎక్కువ. కొత్త ట్యాంకుకి నిజంగా కావాల్సినవి అమ్మోనియా, నైట్రైట్. ఆ 310 పరీక్షల కోసమే ఈ డబ్బు పెడుతున్నామనుకోవాలి. రోజూ ఒకసారి కొలిచినా ఆరు వారాల సైకిల్‌కి 42 పరీక్షలు. ఒక్క కిట్‌తో మూడు ట్యాంకులు సిద్ధం చేయొచ్చు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కొనుక్కుంటే గిట్టుబాటు అవుతుంది.

ఖాళీ ట్యాంకులో కొలవడానికి ఏముంటుంది అని అడిగేవాళ్లుంటారు. చేప మొప్పల నుంచి, విసర్జన నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతూనే ఉంటుంది. ఫిల్టర్ స్పాంజిలోనూ రాళ్ల మీదా పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకి విషం. నైట్రేట్‌తో అంత తొందరేమీ లేదు, నీళ్లు మార్చి దించేసుకోవచ్చు. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా లేదు. అది కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. కుదురుకుందా లేదా అన్నదే ఖాళీ ట్యాంకులో కొలిచి చూసేది. నీళ్లు 28 డిగ్రీల దగ్గరుంటే పని చురుగ్గా సాగుతుంది. చలికాలంలో 20కి దిగితే నత్తనడక, హీటర్ పెట్టాల్సిందే.

పీహెచ్ ఇందులోకి ఎందుకొస్తుందంటే, అమ్మోనియాలో చేపని చంపే భాగం ఎంతో తేల్చేది అదే. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అందులో విషపు రూపంలో ఉండేది నూటికి ఒకటి కూడా కాదు. పీహెచ్ 8 అయితే దాదాపు 6.5 శాతం, 8.4 అయితే 15 శాతం. అంటే కార్డు మీద ఒకే 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) రంగు వచ్చినా పీహెచ్ తక్కువుండే మెత్తటి నీళ్లలో చేప నెట్టుకొస్తుంది, పీహెచ్ ఎక్కువుండే హైదరాబాద్ బోరు నీళ్లలో మొప్పలు కాలిపోతాయి. తెలుగు రాష్ట్రాల్లో బోరు మీద ఆధారపడే ఇళ్లలో కొత్త ట్యాంకు చేపలు అంత త్వరగా పోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక ఒక్కో పరీక్ష సంగతి. అన్నిటికీ 5 మిల్లీలీటర్ల నీళ్లే. ట్యూబు మీద తెల్ల గీత ఉంటుంది కానీ దాని దగ్గర నీటి మట్టాన్ని వంగి చూసుకోవాలి, నీటి ఉపరితలం మధ్యలో పల్లంగా ఉండే అంచు గీతకి తగలాలి. దీనికంటే మెడికల్ షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి తెచ్చుకుని, సూది పారేసి, దాంతో పోసుకోవడం మేలు. వేసే ముందు ట్యూబుని ట్యాంకు నీళ్లతోనే రెండుసార్లు కడగాలి. చుక్కలు వేసేటప్పుడు సీసాని నిట్టనిలువుగా తలకిందులు చేయాలి. ఏటవాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారిపోతుంది, ఎనిమిది చుక్కలు వేశామనుకుంటాం గానీ పడేది ఆరు చుక్కల మందమే. ట్యూబు నోటికి వేలు అడ్డం పెట్టి ఊపే అలవాటు ఉంటే మానుకోవాలి. రెండో అమ్మోనియా సీసాలో ఉండేది గాఢమైన క్షారం, బ్లీచ్ కలిసిన ద్రవం. చర్మానికి మంచిది కాదు. వేలి మీది చెమట కూడా రీడింగ్‌ని చెడగొడుతుంది.

అమ్మోనియాకి మొదటి సీసా 8 చుక్కలు, రెండో సీసా 8 చుక్కలు, 5 సెకన్లు గట్టిగా ఊపి 5 నిమిషాలు ఆగాలి. పసుపు అంటే సున్నా, అక్కడి నుంచి ఆకుపచ్చ ముదురుతూ 8 పీపీఎం దాకా వెళ్తుంది. నైట్రైట్‌కి 5 చుక్కలు, 5 సెకన్లు, 5 నిమిషాలు. లేత నీలం సున్నా, ఊదా ముదిరితే 5. ఈ రెండింటిలో తప్పు చేయడం కష్టం.

తప్పులు జరిగేది నైట్రేట్ దగ్గర. మొదటి సీసా 10 చుక్కలు వేసి ట్యూబుని నాలుగైదుసార్లు తలకిందులు చేయాలి. తర్వాత రెండో సీసాని కనీసం 30 సెకన్లు బలంగా కుదపాలి, అప్పుడు 10 చుక్కలు వేసి ట్యూబుని నిండుగా ఒక నిమిషం ఊపి, 5 నిమిషాలు ఆగి చూడాలి. ఆ రెండో సీసాలో పని చేసే పొడి అడుగున గడ్డకట్టి కూర్చుంటుంది. కుదపకుండా వేస్తే పైన తేటగా ఉన్న ద్రవమే పడుతుంది, నైట్రేట్ 80 ఉన్నా ట్యూబు పసుపుగానే ఉంటుంది. "మా ట్యాంకులో నైట్రేట్ ఎప్పుడూ సున్నానే" అనేవాళ్లలో చాలామంది సీసా కుదపనివాళ్లే. షెల్ఫులో చాలా కాలం పడున్న సీసా అయితే బల్ల అంచుకి నాలుగు దెబ్బలు తట్టి, తర్వాత ఒక నిమిషం పాటు కుదపండి. ఇంకో చిక్కు, 40కీ 80కీ మధ్య ఎరుపు తేడా కంటికి ఆనదు. ఏపీఐ కార్డులో బలహీనమైన చోటు ఇదే. ఎరుపు వచ్చిందంటే ట్యూబులో సగం ట్యాంకు నీళ్లు, సగం మినరల్ వాటర్ కలిపి మళ్లీ కొలిచి, వచ్చిన అంకెని రెండుతో హెచ్చించుకోవాలి.

పీహెచ్‌లో మామూలు సీసా 3 చుక్కలు, 6.0 నుంచి 7.6 దాకా. ఎక్కువ పీహెచ్ సీసా 5 చుక్కలు, 7.4 నుంచి 8.8 దాకా. మన బోరు నీళ్లకి మామూలు సీసా వేస్తే ముదురు నీలం వచ్చి 7.6 దగ్గర ఆగిపోతుంది. అది 7.6 కాదు, ఆ కార్డు అక్కడితో అయిపోయింది, అంతే. నీలం వచ్చిందంటే ఎక్కువ పీహెచ్ సీసాతో మళ్లీ కొలవాలి. బోరు నీళ్లని పట్టిన వెంటనే ఒకసారి, బకెట్లో ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఆగాక ఒకసారి కొలవండి. భూమిలోంచి వచ్చిన నీళ్లలో కార్బన్ డై ఆక్సైడ్ కరిగి ఉండి పీహెచ్ తక్కువ చూపిస్తుంది. అది ఎగిరిపోయాక కనిపించేదే ట్యాంకులో స్థిరపడే అంకె. 7.4 అని రాసుకున్నది మర్నాటికి 8.2 కావడం వింతేమీ కాదు.

ఇక వాదనలు ఎక్కువగా జరిగేది 0.25 అమ్మోనియా మీద. సున్నా పసుపుకీ 0.25 పచ్చటి పసుపుకీ తేడా చాలా సన్నం. గదిలో వామ్ వైట్ ఎల్ఈడీ కింద చూస్తే ఒకలా, ట్యూబ్‌లైట్ కింద మరోలా కనిపిస్తుంది. కార్డు మీద తెల్ల భాగానికి ట్యూబుని ఆనించి, పగటి వెలుగులో, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర చూడాలి. అప్పటికీ అనుమానంగా ఉంటే రెండో ట్యూబులో సీల్డ్ మినరల్ వాటర్‌తో అదే పరీక్ష చేసి పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే రంగులో ఉంటే ట్యాంకులో ఉన్నది సున్నానే. కార్డు రంగుతో పోల్చడం కంటే ఇది వందరెట్లు నమ్మకం.

ఇందులో షాపువాళ్లిచ్చిన మందుల పాత్ర కూడా ఉంటుంది. నీలం సీసా, అంటే మిథిలీన్ బ్లూ, వేసిన నీళ్లకి అమ్మోనియా పరీక్ష చేస్తే పసుపులో నీలం కలిసి ఆకుపచ్చ వస్తుంది. లేని అమ్మోనియా కనిపిస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, ఆ మందు మనం పెంచాలనుకుంటున్న బ్యాక్టీరియానే దెబ్బతీస్తుంది. కొత్త ట్యాంకు నీళ్లలో రోగమున్న చేప లేదు, మందుతో పనీ లేదు. ఆ రెండు సీసాలూ మూత తీయకుండా పక్కన పెట్టేయండి.

కిట్ తెచ్చిన రోజు మొదట కొలవాల్సింది ట్యాంకుని కాదు, కుళాయిని. బోరుని, మున్సిపల్ నీళ్లని, వాడదలచుకుంటే ఆర్ఓ నీళ్లని విడివిడిగా కొలిచి కాగితం మీద రాసి ట్యాంకు వెనక అతికించండి. తెలుగు రాష్ట్రాల్లో చాలా చోట్ల భూగర్భజలాల్లోనే నైట్రేట్ ఎక్కువ. తాగునీటి ప్రమాణం లీటరుకి 45 మిల్లీగ్రాములైతే దాన్ని దాటే బోర్లు కొల్లలు. బోరులోనే 40 ఉన్నప్పుడు నీళ్లు మార్చి 20కి దించుదామనుకోవడం జరగని పని. ఇది మొదటి రోజే తెలిస్తే మొక్కలు ఎక్కువ పెట్టడమో, ఆర్ఓ నీళ్లు కలుపుకోవడమో ముందే అనుకోవచ్చు. రాళ్ల మీద కూడా కన్నేయాలి. తెల్ల మార్బుల్ చిప్స్ వేస్తే పీహెచ్, గట్టిదనం పెరుగుతూ పోతాయి. నాలుగు రాళ్ల మీద నిమ్మరసమో, బాత్రూం కడిగే యాసిడ్ చుక్కో వేసి చూడండి, బుస్సున నురగ వస్తే అవి సున్నపు జాతివి.

ఇప్పుడు అసలు పని. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు లెక్కకి 56 లీటర్లు. రాళ్లు పోసి, అంచుకి అంగుళం కింద దాకా నింపితే మిగిలేది సుమారు 50. స్పాంజ్ ఫిల్టర్ ఎయిర్ పంపుతో రాత్రీ పగలూ నడవాలి. చేపలు లేవు కదా అని రాత్రి ఆపేస్తే స్పాంజిలో బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. లైటు అక్కర్లేదు, వేస్తే నాచు తప్ప లాభం లేదు.

బ్యాక్టీరియాకి మేతగా అమ్మోనియా మనమే ఇవ్వాలి. చచ్చిన రొయ్య పడేయడం, చేప మేత కుళ్లబెట్టడం పాత పద్ధతులు. పని చేస్తాయి కానీ ఎంత అమ్మోనియా వచ్చిందో చేతిలో ఉండదు, ఇల్లంతా కంపు. అమ్మోనియం క్లోరైడ్ శుభ్రం. కళాయి పోసేవాళ్లు వాడే నవాసాగరం అదే. కిరాణా కొట్లో అడిగితే మాత్రం షాపాయన ఎగాదిగా చూస్తాడు, నాటుసారా కేసుల్లో బెల్లం, పటికల పక్కన దీని పేరు వినిపించడమే కారణం. కళాయి గడ్డలో ఇంకేం కలిసిందో తెలియదు కాబట్టి ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట చిన్న డబ్బా తీసుకోవడం నయం. 16 గ్రాములు అర లీటరు మినరల్ వాటర్‌లో కరిగించి, సీసా మీద పేరు పెద్దగా రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి. ఆ ద్రవం 10 మి.లీ. పోస్తే 50 లీటర్ల ట్యాంకులో అమ్మోనియా 2 పీపీఎం దగ్గరికి వస్తుంది. అరగంట ఆగి కిట్‌తో చూడండి. 4 వస్తే ట్యాంకులో నీళ్లు మీరనుకున్నదాని కంటే తక్కువున్నాయన్న మాట, లేదా ద్రవం తూకం తప్పింది. ఎంత ఎక్కువ పోస్తే అంత త్వరగా అవుతుందన్నది భ్రమ. మొక్కల కోసం అమ్మే ఆక్వా సాయిల్ వేసిన ట్యాంకులో మట్టే అమ్మోనియా వదులుతుంది, కాబట్టి మొదటి రెండు మూడు వారాలు పోయకుండా కొలిచి చూసుకోవాలి.

మొదటి వారం రోజూ కొలిచి సీసా ఖాళీ చేసుకోకండి, రెండు రోజులకోసారి అమ్మోనియా ఒక్కటి చాలు. అది 2 నుంచి దిగడం మొదలైన రోజు నుంచి నైట్రైట్ కూడా చూడాలి. అమ్మోనియా 0.5 కి దిగినప్పుడల్లా మళ్లీ 5 నుంచి 10 మి.లీ. పోయాలి.

కిట్ తన పరిమితి చూపించేది ఇక్కడే. 2 పీపీఎం అమ్మోనియా మొత్తం నైట్రైట్‌గా మారితే అయ్యేది 5.4 పీపీఎం. కార్డు 5 తోనే ఆగిపోతుంది. అంటే ఒక్క డోసుకే రంగు చిట్టచివరి ఊదాకి చేరుతుంది, రెండో డోసు, మూడో డోసు తర్వాత కూడా అదే ఊదా. లోపల 6 ఉందో 25 ఉందో చెప్పే దారి లేదు. చాలామంది "రెండు వారాలుగా నైట్రైట్ కదలడం లేదు" అని నిరాశపడి ట్యాంకు ఖాళీ చేసేది ఈ దశలోనే. సిరంజితో 1 మి.లీ. ట్యాంకు నీళ్లు, 4 మి.లీ. మినరల్ వాటర్ కలిపి కొలవండి, వచ్చిన అంకెని ఐదుతో హెచ్చించండి. అప్పటికీ చివరి ఊదా వస్తే అర మి.లీ.కి నాలుగున్నర కలిపి పదితో. 20 దాటిందంటే సగం నీళ్లు మార్చేయడం మంచిది, నైట్రైట్ మరీ పేరుకుంటే పని మందగిస్తుంది. బ్యాక్టీరియా స్పాంజికీ రాళ్లకీ అంటుకుని ఉంటుంది, నీళ్లు మారిస్తే పోయేది ఏమీ లేదు. ఈ దశలో అమ్మోనియాని రోజూ పోయకుండా రెండు మూడు రోజులకోసారి 5 మి.లీ. చొప్పున తగ్గించాలి.

ఇదే సమయంలో నైట్రేట్ పరీక్ష చేయడం శుద్ధ దండగ. ఆ పరీక్ష నైట్రేట్‌ని ముందు నైట్రైట్‌గా మార్చి దాని రంగు చూపిస్తుంది. నీళ్లలో ముందే నైట్రైట్ ఉంటే అదీ కలిసి ఎర్రగా వస్తుంది. "రెండో రోజే నైట్రేట్ వచ్చేసింది, సైకిల్ అయిపోయింది" అని సంబరపడేవాళ్లని ఈ ఎరుపే మోసం చేస్తుంది. నైట్రైట్ సున్నా అయ్యాకే నైట్రేట్ సీసాల మూత తీయాలి. ఎలాగూ 90 పరీక్షలే ఉన్నాయి.

ఈ కిట్‌లో లేనివి రెండు ఉన్నాయి, రెండూ మన ఇళ్లకి ముఖ్యమైనవే.

ఒకటి, కేహెచ్. అంటే నీళ్లు పీహెచ్‌ని పట్టి ఉంచే శక్తి, క్షారత. అమ్మోనియాని నైట్రేట్ చేసేటప్పుడు బ్యాక్టీరియా ఈ శక్తిని ఖర్చు చేస్తుంది. ఒక 2 పీపీఎం డోసుకి లీటరుకి సుమారు 12 మిల్లీగ్రాముల క్షారత పోతుంది. బోరు నీళ్లలో అది వందల్లో ఉంటుంది కాబట్టి బాధ లేదు. "చేపలకి శుభ్రమైన నీళ్లు పోద్దాం" అని ఆర్ఓ నీళ్లతో ట్యాంకు నింపినవాళ్లకే ఇబ్బంది. రెండు మూడు డోసులకే క్షారత అయిపోయి, పీహెచ్ 6 కి పడిపోయి, సైకిల్ ఉన్నచోటే నిలబడిపోతుంది. అమ్మోనియా వారం పాటు కదలడం లేదంటే మామూలు పీహెచ్ పరీక్ష చేయండి. పసుపు వచ్చిందంటే కారణం దొరికినట్టే. వంటసోడా ఒక గ్రాము 50 లీటర్లలో వేస్తే దాదాపు ఒక డోసు ఖర్చు చేసిన క్షారత తిరిగి వస్తుంది. నాలుగైదు గ్రాములు కప్పు నీళ్లలో కలిపి పోస్తే మర్నాటికి పీహెచ్ లేచి పని మొదలవుతుంది. బేకింగ్ పౌడర్ వేయకూడదు, అందులో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి. ఏపీఐ వాళ్లే జీహెచ్ (నీళ్ల గట్టిదనం), కేహెచ్ కిట్ విడిగా అమ్ముతారు. మాస్టర్ కిట్ అని పేరు పెట్టి దీన్ని బయట ఉంచడం మాత్రం న్యాయం కాదు. పనికొచ్చేది తక్కువైన ఆ మామూలు పీహెచ్ 250 పరీక్షల బదులు ఇది పెట్టి ఉంటే బాగుండేది.

రెండోది క్లోరిన్. కుళాయి నీళ్లలో లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. బకెట్లో ఒక రోజు ఉంచితే అది ఎగిరిపోతుంది. అపార్టుమెంట్లలో సంపు, పైన ట్యాంకు కడిగి బ్లీచింగ్ పౌడర్ చల్లిన రోజు మాత్రం లెక్క వేరు, అప్పుడు పోసిన నీళ్లు మూడు వారాల సైకిల్‌ని ఒక్క పూటలో తుడిచేస్తాయి. ఈ కిట్ ఆ సంగతి చెప్పదు. నీటి సరఫరా సిబ్బంది దగ్గరుండే క్లోరోస్కోప్ లాంటిది ఒకటి చౌకగా దొరుకుతుంది, పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. లేకపోతే నీళ్లు పోసే ప్రతిసారీ క్లోరిన్‌ని విరిచే హైపో గానీ, సీకెమ్ కంపెనీ ప్రైమ్ గానీ వేయడం అలవాటు చేసుకోండి. ప్రైమ్ మోతాదు 40 లీటర్లకి 1 మి.లీ. ప్రైమ్ వేశాక కూడా కిట్‌లో అమ్మోనియా కనిపిస్తుంటే కంగారు పడనక్కర్లేదు, కట్టుబడిన అమ్మోనియాని కూడా ఈ పరీక్ష లెక్కలోకి తీసుకుంటుంది.

బ్యాక్టీరియా ఉందని చెప్పి అమ్మే సీసాల గురించి కూడా అడుగుతుంటారు. వాటిని తిట్టనక్కర్లేదు, నెత్తిన పెట్టుకోనూ అక్కర్లేదు. సీకెమ్ స్టెబిలిటీ అయితే మొదటి రోజు 40 లీటర్లకి 5 మి.లీ., తర్వాత వారం పాటు రోజూ 80 లీటర్లకి 5 మి.లీ. అని కంపెనీ లెక్క. వేసుకోండి, కానీ ఏడో రోజు చేపలు తెచ్చుకోవచ్చా అన్నది సీసా మీద చదివి కాదు, ట్యూబులో చూసి నిర్ణయించండి. అంతకంటే చురుగ్గా పని చేసేది రోగాల్లేని పాత ట్యాంకు నడుస్తున్న స్నేహితుడి ఇంట్లోంచి తెచ్చిన వాడిన స్పాంజ్ ముక్క. తడి ఆరకుండా ట్యాంకు నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెడితే వారాలు కలిసొస్తాయి.

నీళ్లలో ముంచి రంగు చూసే కాగితపు స్ట్రిప్‌లతో పోలిక పెట్టేవాళ్లకి ఒకే మాట. ఏపీఐ వాళ్ల ఐదింటి స్ట్రిప్‌లోనే అమ్మోనియా గడి లేదు. అమ్మోనియా చూపించని స్ట్రిప్ కొత్త ట్యాంకుకి ఎందుకూ కొరగాదు. పైగా విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో డబ్బా మూత తెరిచిన కొన్నాళ్లకే స్ట్రిప్‌ల రంగులు అలికినట్టవుతాయి.

సైకిల్ అయిందని చెప్పే పరీక్ష సూటిగా ఉంటుంది. 10 మి.లీ. ద్రవం పోసి అమ్మోనియా 2 కి తేవాలి. సరిగ్గా 24 గంటలకి అమ్మోనియా పసుపు, నైట్రైట్ లేత నీలం రావాలి. రెండూ. ఒకటొచ్చి ఒకటి రాకపోతే ఇంకా ఆగాలి. ఈ పరీక్ష వరుసగా రెండుసార్లు నెగ్గాలి. 2 పీపీఎం అంటే 50 లీటర్లలో 100 మిల్లీగ్రాముల అమ్మోనియా. రోజుకి గ్రాము మేత వేసి అందులోని నైట్రోజన్ అంతా అమ్మోనియాగా మారినా తట్టుకునే బలం ఫిల్టర్‌కి వచ్చినట్టు. ఇన్ని డోసుల తర్వాత నైట్రేట్ ఎలాగూ 50, 60 దాటుతుంది. అందుకని చేపలు తెచ్చే ముందు రోజు నాలుగింట మూడు వంతుల నీళ్లు మార్చి, క్లోరిన్ తీసి, నైట్రేట్‌ని కుళాయి అంకె దగ్గరికి తేవాలి. స్పాంజిని కుళాయి కింద పిండకూడదు. చేపలు ఆలస్యమయ్యేట్టుంటే రోజు విడిచి రోజు 5 మి.లీ. పోస్తూ ఉండండి, మేత లేకపోతే పెంచిన బ్యాక్టీరియా నీరసిస్తుంది.

ఆరేడు గప్పీ చేపలతో మొదలుపెడితే మొదటి పది రోజులు రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నాలో ఉంటే వారానికోసారి, నెల తర్వాత నీళ్లు మార్చే ముందు నైట్రేట్ ఒక్కటి చాలు.

కొనేటప్పుడు పెట్టె తెరిచి ప్రతి సీసా మీద లాట్ నంబరు చూడాలి. చివరి నాలుగంకెలు తయారైన నెల, సంవత్సరం. ఏళ్ల తరబడి షాపు అద్దాల అరలో ఎండకి మగ్గిన సరుకు తగ్గింపు ధరకి ఇస్తామన్నా వద్దు. ఇంట్లో కూడా కిట్‌ని ట్యాంకు లైటు పక్కన గానీ, మే నెల బాల్కనీలో గానీ పెట్టకండి, బీరువాలో పెట్టండి. సీసాల మూతలు ఒకదానిది మరోదానికి మారకూడదు, ట్యూబు మూతలు కూడా వేటికవే ఉంచుకుంటే నైట్రేట్ మందు అంటుకున్న మూత అమ్మోనియా ట్యూబుకి వెళ్లదు. పరీక్షించిన నీళ్లని ట్యాంకులో తిరిగి పోయకండి, సింకులో పోసి కుళాయి తిప్పండి. వాడాక ట్యూబుల్ని సబ్బు లేకుండా కడిగి బోర్లించాలి. రంగు మరక పడితే సన్నటి బాటిల్ బ్రష్‌తో వదులుతుంది. అన్నిటికంటే ముందు అయిపోయేవి అమ్మోనియా సీసాలే, అప్పుడు పెట్టె మొత్తం మళ్లీ కొనకుండా ఆ రెండు సీసాలున్న విడి ప్యాక్ ఒకటి తెప్పించుకుంటే సరిపోతుంది.